మరల పెరిగెడు కండ

ప్రాణమునకు ముప్పు తేక, దృష్టిని ఒక్కనాట హరింపక, ఏండ్ల తరబడి మనిషితో సహవాసము చేయు వ్యాధులపై ప్రభుత్వములకు గాని, పత్రికలకు గాని, తుదకు రోగికి గాని శ్రద్ధ కలుగుట అరుదు. ముక్కువైపు కంటికొనయందు మొదలై, తెల్లగ్రుడ్డు మీదుగా త్రికోణాకారమున నల్లగ్రుడ్డు పైకి మెల్లమెల్లగా ప్రాకివచ్చు ఎఱ్ఱని కండ అట్టి వ్యాధులలో నొకటి. ప్రాచీన వైద్యగ్రంథములు దీనిని అర్మమనినవి. మన పల్లెలలో కంటిలో కండ పెరిగినదనియు, పొర కమ్మినదనియు చెప్పుకొందురు. టాటానగరులో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు ఇరుగుపొరుగు హిందీవారి నోట విని నాఖూనా అనుటకు అలవాటుపడినారు. ఇది పుట్టకురుపు జాతికి చెందినది కాదు. దేహమున మఱియొక చోటికి వ్యాపింపదు. కోసి తీయుటకు సాధారణముగా గంటసేపైనను పట్టదు. ఇన్ని సుగుణములుండుటచేతనే కాబోలు, దీనికి జరుగు శస్త్రచికిత్సను వైద్యులలో కొందఱును, శిబిరములు నడుపు దాతలలో పెక్కుమందియు లెక్కలోనికి రాని పనిగా తలంచుచున్నారు. ఆ తలంపే ఈ వ్యాసమునకు కారణము. చిన్నదని తలంచి చిన్నచూపుతో చేసిన ఈ చికిత్స, అసలు చేయకుండుటకంటె హెచ్చు కీడు తెచ్చునని నా నిశ్చితాభిప్రాయము.

టాటానగరునకు ఈ ప్రసంగముతో గల సంబంధమును మొదటనే తెలుపుట మంచిది. సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు తావున, దల్మా కొండల చేరువను, సాక్చీ యను పల్లె యున్న నేలమీద, 1907లో స్థాపింపబడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ తన కొలుములు నెలకొల్పి 1912లో మొదటి ఉక్కు దిమ్మను తీసినది. ప్రథమ ప్రపంచ సంగ్రామమున ఆ కర్మాగారపు పట్టాలు మెసపొటేమియా వరకు పోయి ఆంగ్లసేనలకు తోడ్పడినందుకు కృతజ్ఞతగా, 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూరని నామకరణము చేసెను. దాని రైలు స్టేషను కాలిమాటి యను పాతపేరు విడిచి టాటానగరైనది. బెంగాల్ నాగపూర్ రైలుమార్గము పట్టుకొని ఉత్తరాంధ్రతీరమునుండి తెలుగు కుటుంబములు అచ్చటికి చేరి కొలుముల కడను, రైలుపట్టాల కడను, కట్టడపు పనులలోను కుదిరినవి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమును, కద్మాలోని ఆంధ్ర అసోసియేషనును ఈనాటికిని వారి ఉనికికి సాక్ష్యములు. ఆ మొదటివారి మనుమలలో చదువుకొన్నవారు కార్యాలయములలోను, కంపెనీవారి స్థిరోద్యోగములలోను ఉన్నారు. కాని కాంట్రాక్టుదారుల క్రింద దినకూలికి వెల్డింగు చేయువారు, గ్యాసు కట్టరుతో తుక్కినుము కోయువారు, నడియెండలో గుంతలు త్రవ్వువారు, తలమీద ఇటుకలు మోయు రేజాలనబడు కూలిస్త్రీలు, ఈ వర్గములలో తెలుగువారును, ఒడియావారును, హో సంతాల్ జాతులవారును, బీహారీలును కలగలసి యున్నారు. కంటిలో కండ ప్రధానముగా వీరి వ్యాధి.

ఉక్కునగరము గనుక ఈ కండకు కారణము కొలిమి వేడియే యని నమ్మువారు కలరు. ఆ నమ్మకము సహజమే గాని సరియైనది కాదు. కరగిన లోహమునుండి వెలువడు పరారుణ కిరణములు దీర్ఘకాలమున కంటికటకమును మసకబార్చి శుక్లము కలిగింపగలవని గాజుకొలుములవారిలోను, ఇనుపకొలుములవారిలోను ఎన్నడో కనిపెట్టిరి. అది వేఱు కథ. కండకు మూలకారణము ఎల్లరకును ఉచితముగా లభించు సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములు. ధూళియు, పొడిగాలియు, వానివలన నిత్యము కలుగు రాపిడియు దానికి తోడగును. భూమధ్యరేఖకు ఇటునటు 37 డిగ్రీల అక్షాంశముల నడిమి పట్టీలో ఈ వ్యాధి మిక్కుటమని 1960ల నాటికే ప్రపంచపటముపై గుర్తించిరి. మన దేశపు ఉత్తరపు కొస ఇంచుమించుగా ఆ 37వ డిగ్రీ కడనే ముగియుచున్నది గనుక, స్వదేశముననున్న భారతీయులలో ఈ పట్టీకి వెలుపల నున్నవాడు లేడనియే చెప్పవచ్చును.

ముక్కువైపుననే ఇది ఏల తఱచుగా పుట్టుననుటకు ఆస్ట్రేలియా వైద్యుడు మినాస్ కొరోనియో 1990ల తొలినాళ్లలో ముచ్చటైన సమాధానమొకటి చెప్పెను. కణతవైపునుండి ఏటవాలుగా వచ్చిన వెలుతురు కార్నియా వంపులో వంగి, కంటి ముందరిగది గుండా పోయి, ఎదుటిప్రక్క నలుపుతెలుపుల సంధియందు, అనగా ముక్కువైపున, కేంద్రీకృతమగును. అచ్చట దాని తీవ్రత 20 రెట్ల వరకు హెచ్చగలదు. కార్నియా పైపొరను నిత్యనూతనముగా సృజించు మూలకణములు ఆ సంధిరేఖయందే నివసించును. తెల్లగ్రుడ్డు మీది పొర నల్లగ్రుడ్డు మీదికి రాకుండ సరిహద్దు కాయునవియు అవియే. ఏండ్ల తరబడి కిరణముల దెబ్బ తిని అవి క్షీణించినచోట సరిహద్దు తెగును, కండ ప్రాకును. ఈ మూలకణముల విద్య మన హైదరాబాదుకు సుపరిచితమే. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందలి వైద్యులే, రసాయనములు పడి ఆ సంధి మాడిపోయినవారికి మంచికంటినుండి చిన్నముక్క తీసి కార్నియాపై నాటు సులభపద్ధతిని 2012లో లోకమునకు చాటిరి. ఆ సంస్థవారే ఆంధ్రదేశపు పల్లెలలో దీర్ఘకాలము జరిపిన నేత్రసర్వేక్షణలో, కండ పుట్టుటకును ఆరుబయటి పనికిని, చదువులేమికిని సంబంధము కలదని తేల్చిరి. చదువులేమి కంటిని పొడువదు. చదువులేనివానికి నీడపట్టున పని దొరకదని దానికి అర్థము.

వెల్డింగు వెలుగును గూర్చియు చెప్పవలసి యున్నది. ఆర్కునుండి అతినీలలోహిత కిరణములు ధారాళముగా వెలువడును. పగలు అద్దము లేక పనిచేసి, నడిరేయి కన్నులలో ఇసుక పోసినట్లు మండి లేచి కూర్చుండుట ఎఱుగని వెల్డరు అరుదు. ఆ మంట రెండునాళ్లలో చల్లారును గాని, ఏండ్ల తరబడి పడిన కిరణముల లెక్క చల్లారదు. 1984లో జపాను పరిశోధకులు కరాయ్, హోరిగుచి అనువారు వెల్డరుల కన్నులను పరీక్షించి, పనిచేసిన ఏండ్లు పెరిగిన కొలది కండ గలవారు హెచ్చుచున్నారని ప్రకటించిరి. పెద్ద కర్మాగారములలో టోపీ, తెర, అద్దము అను నియమములు కట్టుదిట్టముగా నుండును. ఖర్కాయీకి ఆవలి యొడ్డున ఆదిత్యపూరు పారిశ్రామికవాడయందలి చిన్న షెడ్డులలో వెల్డరు ఒక చేత్తో షీల్డు పట్టుకొన్నను, ఇనుపముక్కను పట్టి నిలుచు హెల్పరు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుటయే రక్షణగా భావించుట కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 35వ సెక్షను, రేణువులు ఎగురునట్టియు, అతికాంతి వెలువడునట్టియు పనులలో యజమాని తెరలో అద్దములో సమకూర్పవలెనని విధించినది. అవి పని చేయువానికే గాక చేరువ నున్నవానికిని ఈయవలెనని స్పష్టముగా చెప్పినది. కాబట్టి హెల్పరును చట్టము మఱవలేదు, మనమే మఱచితిమి. ఇక సూర్యుని ప్రస్తావన ఆ సెక్షనులో లేదు. కొరోనియో చెప్పినది నిజమైనచో, ప్రక్కలు తెఱచియున్న బజారు నల్లకండ్లజోడు సగము రక్షణయే. కణతలను కప్పు అద్దమో, వెడల్పు అంచు గల టోపీయో కావలెను. మన రైతులు తలగుడ్డను నుదుటిమీదికి దింపి కట్టుట వేషము కొఱకు గాదు.

ఇక శస్త్రచికిత్స మాట. కండ యున్న ప్రతికంటిని కోయవలెనని ఎవరైన చెప్పినచో వారిని నమ్మరాదు. పచ్చని బుడిపెగా తెల్లగ్రుడ్డు మీదనే నిలిచిపోవు పింగెక్యులా అను దానిని కదపనక్కరలేదు. నల్లగ్రుడ్డు అంచును మిల్లీమీటరో రెండో దాటి, ఏండ్లుగా కదలక నిలిచిన కండను సంవత్సరమున కొకసారి కొలిపించుకొన్న చాలును. అది కంటిపాప వైపు సాగునపుడు, కార్నియాను లాగి వంపు చెఱచి చూపును అస్పష్టము చేయునపుడు, ఎఱుపును మంటయు మాటిమాటికి వేధించునపుడు, కన్ను త్రిప్పుటకు అడ్డము వచ్చునపుడు కోయవలెను. అందము కొఱకు కోయించుకొనువారిని నేను తప్పుపట్టను. ఎఱ్ఱబడిన కంటితో పెండ్లిచూపులకు వెళ్లి త్రాగుబోతను అపవాదు మోసిన యువకుని బాధ అతనికే తెలియును. అయితే చిన్నవయస్సువారిలో కండ మరల పెరుగు అవకాశము హెచ్చను సంగతి అతనికి కత్తి పట్టకమునుపే చెప్పవలెను.

కత్తికి ముందు చుక్కలమందు. మన ఊళ్లలోను, టాటానగరులోను కంటి ఎఱుపునకు మొదటి వైద్యుడు మందుల దుకాణదారుడు. అతడిచ్చు చుక్కలలో స్టెరాయిడు కలిసియుండుట కలదు. ఎఱుపు గంటలలో తగ్గును, రోగికి అతనిపై గురి కుదురును, సీసా వెంట సీసా వచ్చును. కండ మాత్రము కరుగదు, ఏలయన దానిని కరిగించు చుక్కలమందు ఇంతవఱకు లేదు. కరుగకపోగా, నెలల తరబడి వాడిన స్టెరాయిడు కంటిలోపలి ఒత్తిడిని పెంచి, నొప్పి లేకుండ నరమును ఎండించి, కండ ఏనాడును చేయజాలని అంధత్వమును చేసిపెట్టును. చీటి లేనిదే ఈ చుక్కలు అమ్మరాదను నియమము కాగితముమీద నున్నది.

కండను కోయు విద్య మన దేశమునకు క్రొత్త గాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున అర్మము అయిదు విధములుగా వర్ణింపబడినది. దానిని ఛేదించు విధానము చదివిన నేటి వైద్యుడు ఆశ్చర్యపడక మానడు. సైంధవలవణపు చూర్ణముతో కండను రేపి, రోగిని కణతవైపు కొనకు చూడుమని చెప్పి, వదులైనచోట బడిశమను కొక్కెముతో పట్టి, రెప్పలను చెదరకుండ నిలిపి, మండలాగ్రమను గుండ్రని మొనగల శస్త్రముతో మూలమునుండి వేఱుచేసి కోయవలెనట. ముక్కువైపు కొనయందలి కనీనకమునకు గాయము తగులకుండ నాల్గవభాగము విడువవలెనట. కనీనకము తెగినచో రక్తస్రావమో నాడీవ్రణమో కలుగునట. కోత తక్కువైనచో కండ శీఘ్రముగా మరల పెరుగునట. మూడవనాటికి కట్టు విప్పి తరువాతి శోధనము చేయవలెనట. మత్తుమందు లేని కాలమున, సూక్ష్మదర్శిని లేని కాలమున, ఈ చికిత్సయందలి అసలు చిక్కు కోయుటలో లేదు, మరల పెరుగుటలో నున్నదని ఆ శాస్త్రకారుడు గ్రహించెను. ప్రాచీనులకు సర్వమును తెలియునని రొమ్ము విఱుచుకొనుటకు నేను దీనిని ఉదాహరింపలేదు. అంత ముందుగా తెలిసిన చిక్కును మనము ఈనాటికిని శిబిరములలో కొనితెచ్చుకొనుచున్నామే యని నా విచారము.

పాశ్చాత్యులును ఈ చిక్కుతో చాలకాలము పెనుగులాడిరి. 1902లో అమెరికాలోని డల్లాసు వైద్యుడు మెక్‌రేనాల్డ్సు, కండ కొనను కోసి పాఱవేయుటకు మాఱుగా దానిని క్రిందికి త్రిప్పి పొర లోపల పాతిపెట్టు పద్ధతి చెప్పెను. అది కొంతకాలము వాడుకలో నుండి వెనుకబడినది. తరువాత 1948లో ఆస్ట్రేలియావాడు డోంబ్రెయిను వర్ణించిన పద్ధతి మిక్కిలి సులభము: కండను కోసి, దాని క్రింది తెల్లగ్రుడ్డును ఏమియు కప్పక విడిచిపెట్టుట. కొద్ది నిమిషములలో ముగియును, సూది దారముల పని లేదు, నేర్చుకొనుట తేలిక. ఇన్ని సౌకర్యములుండుటచే అది ప్రపంచమంతట వ్యాపించినది. ఫలితములు మాత్రము దారుణములు. వేర్వేఱు నివేదికలలో ఈ విధముగా కోసిన కన్నులలో కండ మరల పెరిగినవి నూటికి 24 మొదలు 89 వఱకు కలవు. పై అంకెను నమ్మినచో, పదిమందిలో తొమ్మండుగురికి కత్తిగాయము వృథాయే.

వృథాయగుటతో సరిపోయినను కొంత మేలే. మరల పెరిగిన కండ మొదటిదానికి తోబుట్టువు కాదు. అంతకంటె దళసరియైనది, రక్తనాళములు నిండినది, వేగముగా ప్రాకునది. మొదటి కోతవలన కలిగిన మచ్చ తెల్లగ్రుడ్డునకును, కంటిని లోపలికి త్రిప్పు కండరమునకును అతుకుకొనుటచే, ఒక్కొక్కనికి ప్రక్కకు చూచినపుడు రెండు బొమ్మలు కానవచ్చును. ఒక్కొక్కనికి రెప్పలోపలి పొర గ్రుడ్డునకు అంటుకొనును. రెండవమారు కోయువాడు ఆ మచ్చలో కండరమేదో కండ యేదో వెదకుకొనుచు పోవలెను. తెగిన సరిహద్దును మరల కట్టకపోవుటయు, పొరక్రింద రేగిన తంతుకణములు ఖాళీస్థలమును ఆక్రమించుటయు దీనికి కారణములని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కోసిన చోటును కప్పవలెను. ఈ ఒక్క సూత్రము మీదనే గడచిన నలువది సంవత్సరముల అభివృద్ధి యంతయు ఆధారపడినది.

కప్పుటకు కావలసినది రోగి కంటిలోనే యున్నది. పైరెప్ప చాటున ఎండ సోకని నేత్రశ్లేష్మపటలమను పొరనుండి, నలుపుతెలుపుల సంధివఱకు, పలుచని తునుక నొకదానిని తీసి, కండ తీసిన ఖాళీలో, సంధివైపు సంధికే అమరునట్లు పఱచి కుట్టుట ఆ పద్ధతి. 1985లో కెన్యను, అతని సహచరులు అమెరికాలో ఈ విధముగా చికిత్స చేసిన 57 కన్నుల ఫలితములు ప్రకటించిరి. వానిలో అధికభాగము అంతకుముందే ఒకసారి కోసి మరల పెరిగినవి. అట్టి మొండి కన్నులలో సైతము తిరిగి పెరిగినవి మూడే. తునుక తీసిన చోట క్రొత్తపొర తనంతట పెరిగి కొద్దివారములలో మానును. బ్రిస్బేను వైద్యుడు లారెన్సు హిర్స్టు ఇంకను ముందుకు పోయి, కండ క్రింది కణజాలమును విస్తారముగా తొలగించి పెద్ద తునుకను కప్పు పద్ధతితో, వేయి కన్నులలో ఒక్కదానియందు మాత్రమే మరల పెరిగినదని చూపెను. అందఱు వైద్యులును హిర్స్టులు కాజాలరు. కాని నూటికి ఎనుబదితొమ్మిదికిని, వేయికి ఒకటికిని నడుమ నున్న అంతరము రోగి అదృష్టము వలన గాక చేతిపని వలన కలిగినదని ఒప్పుకొనక తప్పదు.

కుట్లు మంట పుట్టించును, కాలము పట్టును అని ఒకప్పుడు ఆక్షేపణ యుండెడిది. స్వీడను వైద్యులు 2004లో కుట్టులకు బదులు ఫైబ్రిను జిగురు వాడి కోయుట, అతుకుట అను రెండుమాటలలో చికిత్సను ముగించిరి. ఆ జిగురు ఖరీదైనదని మన దేశమున కొందఱు వైద్యులు అంతకంటె చవుకైన మార్గము పట్టిరి: 2010 ప్రాంతమున వెల్లడియైన పద్ధతి ననుసరించి, కండ తీసిన చోట ఊరు రోగి రక్తమునే గడ్డకట్టనిచ్చి దానితోనే తునుకను అతికించుట. కొన్ని నిమిషములు కదలక ఉంచి, కంటికి కట్టు కట్టి పంపుదురు. మొదటి దినములలో తునుక జాఱిపోవు భయము కొంత కలదు. కన్ను నలుపుకొనకుండ రోగిని హెచ్చరింపవలెను. అంతకు మించి దీనికి ఖర్చు లేదు. కావున పేదవానికి పొర నాటుట సాధ్యము కాదను వాదము కాలము చెల్లినది.

ఇంతకంటె దగ్గఱిదారి యొకటి కలదని చెప్పువారున్నారు. 1963 నాటికే జపానులో మైటోమైసిను అను కణనాశక ఔషధమును కండ మరల పెరుగకుండ వాడజొచ్చిరి. మోతాదు తెలిసినవాని చేత అది మేలైన సాధనమే. తెలియనివాని చేత, పైకప్పు లేని తెల్లగ్రుడ్డుపై హెచ్చుగా పడినచో, ఏండ్ల తరువాత ఆ గ్రుడ్డు గోడ పలుచనై కరగిపోవు ప్రమాదము కలదు. అట్టి ఘోరోపద్రవములను 1992లో అమెరికా వైద్యులు సవివరముగా ప్రకటించి లోకమును హెచ్చరించిరి. మందు పూసి పంపిన రోగి తిరిగి కానరాని శిబిరములలో దీనిని వాడుట నాకు సమ్మతము గాదు.

శిబిరముల పేరెత్తినందున అసలు సంగతికి వచ్చెదను. మన దేశమున కంటి శిబిరములు శుక్లములకై పుట్టినవి; 1976లో మొదలైన అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమమునకును శుక్లమే ప్రధానలక్ష్యము. ఆ శిబిరములు లక్షలమందికి చూపునిచ్చినవి, వానిని కించపఱచుట నా ఉద్దేశము కాదు. కాని శుక్లము తీసి కటకము పెట్టిన కన్ను మరునాడే తన ఫలితమును చూపును. కండ కోసిన కన్నును మరునాడు చూచి ఏమియు చెప్పలేము. మరల పెరుగునది మొదటి ఆఱునెలలలోనో, సంవత్సరము లోపలనో. శుక్లపు శిబిరమున వరుసలో నిలిచినవారి నడుమ కండ గలవాడును నిలుచును. వైద్యునికి గంటలో ముగింపవలసిన కన్నులు పెక్కు. పొర నాటుటకు పట్టు అదనపు ఇరువది నిమిషములలో మఱియొక శుక్లము తీయవచ్చును. ఈ గణితము ముందు మంచి వైద్యుడు సైతము లొంగిపోయి, కండను కోసి కప్పక విడిచిపెట్టును. రోగి సంతోషముగా ఇంటికి పోవును, దాతల పట్టికలో ఒక అంకె పెరుగును. ఏడాది తిరుగకమునుపే కంటికొన మరల ఎఱ్ఱబడినపుడు, ఆ రోగి తన తలవ్రాతను నిందించుకొనునే గాని శిబిరమును వెదకుకొనుచు రాడు. శిబిరమున పొర నాటు వీలు లేనిచో కండ గలవానిని కోయక, చీటి వ్రాసి ఆసుపత్రికి పంపుటయే ధర్మము.

ఆసుపత్రులకు టాటానగరులో కొఱత లేదు. బిష్టుపూరులో టాటా మెయిన్ ఆసుపత్రి కలదు, సాక్చీలో జంషెడ్‌పూర్ నేత్రవైద్యశాల కలదు, మహాత్మాగాంధీ స్మారక వైద్యకళాశాల కలదు. మరల పెరిగిన మొండి కండ అయినచో భువనేశ్వరములోను, విశాఖపట్టణములోను ఎల్. వి. ప్రసాద్ సంస్థ శాఖలున్నవి, అచ్చటికి రైలు కలదు. డబ్బును పూర్తిగా అడ్డము కాదు. 2018 సెప్టెంబరు 23న ప్రధానమంత్రి రాంచీలో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకపు చికిత్సల పట్టికలో కండ తీసి పొర నాటుట ప్రత్యేకాంశముగా చేరియున్నది. శిబిరపు దాతలు ఆ పథకపు కార్డు లేనివారికి కార్డు చేయించిపెట్టినను గొప్ప ఉపకారమే.

డబ్బుకంటె పెద్ద అడ్డము సెలవు. పొర నాటిన తరువాత రెండువారములైనను కంటికి దుమ్ము, పొగ, ఎండ తగులరాదు. చుక్కలమందు వారముల తరబడి, వైద్యుని కంటి యెదుట, తగ్గించుకొనుచు వేయవలెను. స్థిరోద్యోగికి ఇది ఇబ్బంది కాదు. ఈ. ఎస్. ఐ. కార్డు గల కార్మికునికి జబ్బుసెలవు దినములలో వేతనమున 70 శాతము వచ్చును. కాంట్రాక్టుదారు పుస్తకములో పేరు లేని వెల్డరుకు రెండువారములు పనిమానుట యనిన రెండువారములు పస్తులు. అందుచే నాలుగవనాడే కట్టు తీసివేసి షెడ్డుకు పోవును. “ఏం చేస్తాం బాబూ, కన్ను ఒకటే కాదు కదా, కడుపు కూడా ఉంది” అని అతడన్నచో సమాధానము చెప్పగల నేత్రవైద్యుడు లేడు. అతని పేరును ఈ. ఎస్. ఐ. పుస్తకములోనికి ఎక్కించుట కంటివైద్యములో భాగమే యని నా వాదము. విడ్డూరముగా తోచినను దీనిని వెనుకకు తీసికొనను.

వైద్యులకు ఇంకొక్క విన్నపము. కోసి తీసిన కండను పాఱవేయక సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుట మేలు. పైకి కండగానే కానవచ్చు వానిలో అరుదుగా పుట్టకురుపు మొలక దాగియుండును; దానిని కనిపెట్టక కోసి పంపినచో ఆ రోగికి జరుగు అపకారమునకు పరిహారము లేదు.

శిబిరము ముగింపు సభలో, వేదికమీద దండలు వేసిన తరువాత, ఎన్ని కన్నులకు చికిత్స జరిగినదో చదివి వినిపించుట మన ఆచారము. టాటానగరులోని తెలుగు సంఘములు ఇకముందు నేత్రశిబిరము తలపెట్టునపుడు, కండ కోయించుకొన్న ప్రతివాని పేరు, ఫోను నెంబరు, పొర నాటినదీ లేనిదీ ఒక పుస్తకములో వ్రాసియుంచి, ఆఱవ నెలను ఒకసారి, పండ్రెండవ నెలను ఒకసారి పిలిపించి చూపించి, ఎందఱిలో కండ మరల పెరిగినదో మరుసటి యేటి సభలో చదువుట నా సూచన. ఇందుకు కావలసినది ఒక నోటుపుస్తకము, ఓపిక గల ఒక కార్యదర్శి. కద్మానుండి గాని, బిష్టుపూరునుండి గాని అట్టి లెక్క వెలువడినచో, చందా యిచ్చు తెలుగువాడు ఆ పై సంవత్సరము తన చందాను ఏ వైద్యుని శిబిరమునకు ఈయవలెనో స్వయముగా నిర్ణయించుకొనగలడు.